ఎముకల మందు ఖర్చు: మా ఇంటి ఫైళ్లు నేర్పిన లెక్క

2024 సంక్రాంతికి వారం ముందు, ధనుర్మాసం ముగ్గు వేస్తూ మా అత్తయ్య వాకిట్లో జారి పడింది. కళ్లాపి తడి ఇంకా ఆరలేదు. మెట్ల మీంచి పడలేదు, బండేమీ గుద్దలేదు. నిలబడ్డ మనిషి అక్కడికక్కడే కూలబడింది, ఎడమ తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, "ఇంత చిన్న దెబ్బకు తుంటి విరగకూడదమ్మా. ఎముక ముందే గుల్లబారి ఉంది" అన్నారు. భోగి రోజు ఇంటికి తెచ్చుకున్నాం. ఆపరేషన్ ఖర్చు చాలావరకు ఇన్సూరెన్సు కట్టింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది, ఎందుకంటే ఎముకల మందు ఏళ్ల తరబడి వాడాలి, ఇన్సూరెన్సేమో ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషికే డబ్బిస్తుంది.

నేను తెనాలిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పద్దులు రాస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఊరివాళ్ల బిల్లులు సర్దుతున్న దాన్ని, మా ఇంటి బిల్లుల దగ్గర మాత్రం మొదట్లో బోల్తా పడ్డాను. ఇప్పుడు నా దగ్గర రెండు ఫైళ్లున్నాయి. ఒకటి అత్తయ్యది, మా ఆయన కంపెనీ గ్రూపు పాలసీ. రెండోది రేపల్లెలో ఉండే మా అమ్మది, తమ్ముడు కడుతున్న విడి పాలసీ. అమ్మకు వెన్నుపూస ఒకటి నలిగింది, ఎముక సాంద్రత కొలిచే స్కానులో టీ స్కోరు మైనస్ 3.1. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి అంటారు. ఏ మందు వాడాలో చెప్పాల్సింది డాక్టరు. ఆ మందు డబ్బు ఎక్కడ ఆదా అవుతుందో, ఎక్కడ తిరిగి వస్తుందో మాత్రం ఈ రెండు ఫైళ్లు చూసి చెప్పగలను.

డాక్టరు గదిలో ఉండగానే

"ఈ మందు ఎంతవుతుందండీ?" అని అడిగితే ఒక డోసు ధర చెబుతారు. అది సగం జవాబే. "ఎన్నేళ్లు, ఆ తర్వాత ఏమిటి?" అని అడగాలి. మేం విన్న ఎముకల మందులు నాలుగు రకాలే గానీ, నాలుగింటి లెక్కా నాలుగు తీర్లు.

అన్నిటికన్నా చవక వారానికొక మాత్ర, అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు. మా ఆఫీసు అటెండరు వాళ్లమ్మ అదే వాడుతుంది. పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట పాటు నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. ఆవిడ ఆరు నెలలు కాఫీతో మింగిందట. కాఫీతో వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. చవక మందైనా ఆ ఆరు నెలల డబ్బు కాఫీలో పోసినట్టే.

ఏడాదికొకసారి సెలైన్‌లా నరానికి ఎక్కించేది జోలెడ్రోనిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములు. పావుగంటకు తగ్గకుండా నెమ్మదిగా ఎక్కిస్తారు. ముందు క్రియాటినిన్ చూడాలి, మూత్రపిండాలు బాగా బలహీనంగా ఉంటే ఇవ్వరు. ఇదే మందు 4 మిల్లీగ్రాముల సీసాలో కూడా దొరుకుతుంది, అది క్యాన్సరు రోగుల కోసం. ధర తక్కువ కనిపించిందని షాపులో మనంతట మనం మార్చి తెచ్చుకోకూడదు.

ఆరు నెలలకొకసారి చర్మం కిందకి పొడిచేది డెనోసుమాబ్, 60 మిల్లీగ్రాములు. ప్రోలియా అనే పేరుతో ముందు వచ్చింది, ఇప్పుడు మన దేశంలోనే చేసిన బయోసిమిలర్లు, అంటే అదే మందుకు వేరే కంపెనీల రూపాలు, చవకగా ఉన్నాయి. దీని దగ్గర జాగ్రత్త. మధ్యలో ఆపేస్తే కట్టుకున్న ఎముక బలం వేగంగా జారిపోయి, వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగే ప్రమాదం ఉంది. ఏడో నెల దాటనివ్వకూడదంటారు. అందుకని మొదటి డోసు ముందే, "రెండేళ్ల తర్వాత దీన్ని భరించలేకపోతే దేనికి మారుస్తారు?" అని అడిగి, ఆ జవాబును చీటీ మీద రాయించుకోండి. ఒక డోసుకు మాత్రమే డబ్బుండి మొదలుపెట్టే మందు కాదిది.

నాలుగోది టెరిపరటైడ్, రోజూ పొడుచుకునే పెన్ను. గరిష్ఠంగా రెండేళ్లు. అత్తయ్యకు ముందు దీన్నే సూచించారు. ఇంటికొచ్చి లెక్క వేశాను. నెలకొక పెన్ను అని చెప్పారు కదా, 24 అనుకుంటాం. పెన్ను తెరిచిన 28 రోజులకు పారేయాలి, కాబట్టి రెండేళ్లకు 26 పెన్నులు. సూదులు విడిగా కొనాలి. పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, మా వీధిలో ఎండాకాలం కరెంటు ఎలా ఉంటుందో మాకు తెలుసు. పైగా ఆ రెండేళ్లూ అయ్యాక, కట్టిన ఎముక నిలవడానికి వేరే మందు మొదలుపెట్టాలి. ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరు గారి ముందు పెడితే, ఆయనేమీ విసుక్కోలేదు. "మీ పరిస్థితికి ఏడాదికొకటి సరిపోతుంది, అవసరమైతే అప్పుడు చూద్దాం" అని జోలెడ్రోనిక్ రాశారు. డబ్బు సంగతి మాట్లాడితే చిన్నతనం అనుకుంటాం గానీ, డాక్టర్లకు మన జేబు కనిపించదు కదా.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: విరామం ఎప్పుడు? మాత్రలైతే అయిదేళ్లు, ఏడాది సెలైనైతే మూడేళ్లు వాడాక, ఎముక పరిస్థితి చూసి కొంతమందికి కొన్నాళ్లు ఆపుతారు. డెనోసుమాబ్‌కు ఆ వెసులుబాటు లేదు. అయిదేళ్ల ఖర్చు లెక్కలో ఇది పెద్ద తేడా. పంటి పనేమైనా ఉంటే మందు మొదలుపెట్టకముందే చేయించుకోమన్నారు. అత్తయ్య రెండు పుచ్చుపళ్లు అప్పుడే తీయించేశాం. చివరగా, మందు చీటీలో కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయమనండి. తర్వాత చెప్పే సంగతులన్నీ ఆ పేరు మీదే ఆధారపడి ఉన్నాయి.

కొనే చోట

అమ్మ మొదటి డెనోసుమాబ్ ఆసుపత్రి షాపులోనే కొన్నాం. డబ్బా మీద ముద్రించిన ధర 17 వేల చిల్లర, పైసా తగ్గించలేదు. రెండో డోసుకు తమ్ముడు విజయవాడలో మందుల స్టాకిస్టును పట్టుకున్నాడు. వేరే కంపెనీది, అదే మందు, అంతే మోతాదు, దాదాపు సగం ధర. దొంగ సరుకేమోనని నాకు భయం వేసింది. మా వీధి మందుల షాపు బాబాయ్ నవ్వి, "ముద్రించిన ధరంటే అంతకన్నా ఎక్కువకి అమ్మకూడదని అమ్మాయ్, అంతకే అమ్మాలని కాదు" అన్నాడు. ఆసుపత్రులకు, షాపులకు ఈ ఇంజెక్షన్లు పడే ధర వేరు, డబ్బా మీద అచ్చయ్యే ధర వేరు. ఆ మధ్యలో ఉన్న ఖాళీలోనే బేరం.

అందుకని కనీసం మూడు చోట్ల ఫోన్ చేయండి. మందు పేరు, మోతాదు చెప్పి, "మీ దగ్గర ఏ కంపెనీవి ఉన్నాయి, ఎంతకిస్తారు?" అని అడగండి. కంపెనీ మార్చేటప్పుడు డాక్టరుకు ఒక మాట చెప్పండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ, రోగి పేరు, డాక్టరు పేరు ఉండాలి. బిల్లు లేకుండా ఇంకో అయిదొందలు తగ్గిస్తానన్న షాపు నుంచి లేచి వచ్చేయండి. ఆ బిల్లు లేకపోతే క్లెయిమూ లేదు, పన్ను మినహాయింపూ లేదు, మందు తేడా చేస్తే అడగడానికి దారీ లేదు. డెనోసుమాబ్ చల్లగా ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీలు. తమ్ముడు దాన్ని ఐసు ప్యాకులతో థర్మాకోల్ డబ్బాలో రేపల్లె దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అమ్మ చూసి, "నా మనవడిని కూడా ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ ఎత్తుకోలేదురా నువ్వు" అంది.

బయట కొన్న మందు మా దగ్గర ఎక్కించం అనే ఆసుపత్రులుంటాయి. కొనకముందే అడగండి. మాకు ఒకచోట కుదరదన్నారు, ఇంకో నర్సింగ్ హోంలో బిల్లు, డబ్బా చూసి సరేనన్నారు. మంచం చార్జీ, నర్సు చార్జీ, సెలైన్ సెట్టు ఎంతవుతాయో కలిపి అడగాలి. మందు దగ్గర మిగిల్చింది మంచం దగ్గర పోగొట్టుకోవచ్చు.

మాత్రలు, కాల్షియం, డి విటమిన్ దగ్గరైతే జన ఔషధి కేంద్రాన్ని మించింది లేదు. దేశం మొత్తం మీద 15 వేలకు పైగా కేంద్రాలున్నాయి. జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో అసలు మందు పేరు కొడితే ధర, దగ్గర్లోని కేంద్రం కనిపిస్తాయి. కాల్షియం–డి3 మాత్రలు, 60,000 యూనిట్ల డి విటమిన్ అక్కడ దొరుకుతాయి. ఆ ధర చూశాక, బయట షాపుల్లో రంగురంగుల సీసాల కాల్షియం చూస్తే నాకు నవ్వొస్తుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి సరుకుందో లేదో కనుక్కుంటే చాలు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లో అమృత్ ఫార్మసీలు ఉంటాయి, ఖరీదైన ఇంజెక్షన్లు కూడా రాయితీతో ఇస్తారు. ఆ వైపు పనిబడి వెళ్తే చీటీ చూపించి ధర అడిగి రండి.

కాల్షియం మొత్తం మాత్రల్లోంచే రావాలనేం లేదు. ముట్లుడిగిన ఆడవాళ్లకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, పాలు పెరుగు ఎలాగూ ఉన్నాయి. అవి పోగా తక్కువ పడినదానికే మాత్ర. అయితే విరిగిన ఎముకకు రాగిజావ మందు కాదు, మందుకు తోడు. మా పెదమామగారు మొదట్లో "ఇంజెక్షనెందుకు, జావ తాగించండి" అని గట్టిగా పట్టుబట్టారు కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను.

ఒక్క హెచ్చరిక. అపార్టుమెంట్లలో, గుళ్ల దగ్గర ఉచితంగా ఎముకల పరీక్ష అని మడమను ఒక పెట్టెలో పెట్టించి చూస్తారు. అది అల్ట్రాసౌండు. మందు మొదలుపెట్టడానికీ, క్లెయిమ్‌కూ డెక్సా స్కానే కావాలి, అంటే ఎక్స్‌రేతో ఎముక సాంద్రత కొలిచేది, తుంటికీ నడుముకీ తీసింది. ఉచిత పరీక్ష చీటీ చూసి వెయ్యి రూపాయల డబ్బాలు కొనకండి.

ఇన్సూరెన్సు: ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది

మామూలు ఆరోగ్య పాలసీ ఆసుపత్రిలో 24 గంటలు ఉన్నవాళ్లకు, లేదా ఒక్కరోజులో అయిపోయే డే కేర్ చికిత్సలకు డబ్బిస్తుంది. ఇంట్లో మింగే మాత్ర, క్లినిక్‌లో పొడిపించుకున్న ఇంజెక్షను దాని దృష్టిలో ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం. ప్రత్యేకంగా ఓపీడీ రక్షణ కొనుక్కుంటే తప్ప రూపాయి రాదు. ఇది తెలియక నేను ముందు అన్ని బిల్లులూ ఒకే కవర్లో పెట్టి పంపించి, అన్నిటికీ కలిపి ఒకే తిరస్కరణ లేఖ అందుకున్నాను.

కానీ తుంటి విరిగి ఆపరేషనైన వాళ్లకు ఒక కిటికీ తెరిచే ఉంటుంది. ఆసుపత్రిలో చేరకముందు 30 రోజులు, డిశ్చార్జయ్యాక 60 రోజుల ఖర్చులు, అదే జబ్బుకు సంబంధించినవైతే, చాలా పాలసీల్లో వస్తాయి. కొన్నింటిలో 60, 90 ఉంటాయి, మరికొన్నింటిలో ఇంకా ఎక్కువ. అత్తయ్య జనవరి 14న ఇంటికొచ్చింది, అంటే మార్చి 14 దాకా గడువు. డెక్సా స్కాను, రక్త పరీక్షలు, మొదటి జోలెడ్రోనిక్ డోసు అన్నీ ఆ 60 రోజుల్లో పడేలా చూసుకున్నాం. ఆపరేషనైన రెండు వారాల దాకా ఆ మందు ఇవ్వరు, తర్వాత ఇవ్వొచ్చు, కాబట్టి వైద్యం ప్రకారం కూడా ఇబ్బంది లేదు. మార్చి 6న ఎక్కించారు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు. మొదటి డోసుకు అది మామూలేనని ముందే చెప్పారు, పారాసిటమాల్‌తో రెండు రోజుల్లో తగ్గింది.

బిల్లులు పంపించాను. తిరిగొచ్చాయి. కారణం: "ఆసుపత్రిలో చేరిన జబ్బుకు సంబంధం లేదు." డిశ్చార్జి సమ్మరీ తీసి చూస్తే, ఎడమ తొడ ఎముక పైకొన దగ్గర (దాన్నే ఆ ఎముక మెడ అంటారు) విరిగింది, ఆపరేషన్ చేశాం అని ఉంది తప్ప, బోలు ఎముకల వ్యాధి అన్న మాట ఎక్కడా లేదు! డాక్టరు గారు నోటితో చెప్పారు, కాగితం మీద పెట్టలేదు. ఆయన దగ్గరికి వెళ్లి, ఎముక గుల్లబారడం వల్లే ఈ విరుపు, దానికే ఈ స్కాను, ఈ మందు అని లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, సీలు వేయించి మళ్లీ పంపాను. ఈసారి 20 శాతం కో–పే (మనం భరించాల్సిన వాటా) పోను మిగతాది జమైంది. మీరైతే ఇన్ని తిప్పలు పడక్కర్లేదు. డిశ్చార్జి రోజు బిల్లు కౌంటరు దగ్గర తొందరలో ఉంటాం, అయినా సమ్మరీ ముసాయిదా అడిగి చదవండి. జబ్బు పేరు, డిశ్చార్జి తర్వాత వాడాల్సిన మందు పేరు, చేయించాల్సిన స్కాను అందులో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే రాయించుకోండి. తర్వాత పంపే బిల్లులకు కూడా గడువుంటుంది, చాలాచోట్ల ఆ 60 రోజులు ముగిశాక 15 రోజులు.

రెండో ఏడాది డోసుకు ఈ కిటికీ లేదు. 2025 మార్చిలో డే కేర్ అని పెట్టి చూశాను, ఓపీడీ అని కొట్టేశారు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి (గ్రీవెన్సు) రాశాను, అదే జవాబు. మా పాలసీ డే కేర్ జాబితాలో అలాంటిదేమీ లేదు. అక్కడితో వదిలేశాను. గెలవని దాని వెనక పడితే ఆఫీసు సెలవులు ఖర్చు. అప్పుడే స్టాకిస్టు దగ్గర బేరం నేర్చుకున్నాను.

అమ్మ ఫైలు వేరే. డయాబెటిస్ వల్ల ఆవిడ మూత్రపిండాలు తగ్గి ఉన్నాయి, జోలెడ్రోనిక్ కుదరదు, డెనోసుమాబే దిక్కు. ఇక్కడొక సంగతి చాలామందికి తెలియదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో పాలసీలన్నిటికీ కొన్ని నియమాలు పెట్టి, పన్నెండు ఆధునిక చికిత్సలను మినహాయించకూడదంది. ఆ జాబితాలో ఒకటి: ఇమ్యునోథెరపీ, ఇంజెక్షనుగా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ (ప్రయోగశాలలో తయారుచేసే ఒక రకం ప్రోటీను మందు). డెనోసుమాబ్ మోనోక్లోనల్ యాంటీబాడీయే. పేరు చివర "మాబ్" అని ఉండటమే దానికి గుర్తు. కంపెనీలు దీనికి పరిమితి పెట్టుకోవచ్చు, అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో బీమా మొత్తంలో 50 శాతం దాకా ఇస్తారు. ఇన్‌పేషెంటుగా గానీ, డే కేర్‌గా గానీ చేయించి ఉండాలి.

ఆ మందుతో రక్తంలో కాల్షియం పడిపోయే అవకాశం మూత్రపిండాల జబ్బున్న వాళ్లకు ఎక్కువ. అందుకని అమ్మను డాక్టరే డే కేర్‌లో చేర్చుకుని, పరీక్షలు చేసి, ఇంజెక్షను ఇచ్చి, సాయంత్రం దాకా చూసి పంపారు. కేస్ షీటు ఉంది, సమ్మరీ ఉంది. అయినా "ఓపీడీ చికిత్స" అని క్లెయిమ్ తిరగ్గొట్టారు. ఇక్కడ వదల్లేదు. తిరస్కరించేటప్పుడు పాలసీలోని ఏ నిబంధన కింద తిరస్కరించారో రాయాలి. అది అడిగాం. వాళ్లు చెప్పిన నిబంధన ఎదురుగా ఆధునిక చికిత్సల నిబంధన నంబరు, పేజీ నంబరు పెట్టి, కేస్ షీటు జతచేసి, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ చేశాం. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో కూడా నమోదు చేశాం. ఫోనులోనైతే 155255. నెల గడిచినా తేలకపోతే, లేదా కంపెనీ కుదరదంటే, బీమా తగాదాలు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఆఫీసు హైదరాబాదులో. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాదిలోపు వెయ్యాలి, ఆన్‌లైన్లోనే వెయ్యొచ్చు. పాలసీ అమ్మ పేరు మీద ఉంది కాబట్టి ఫిర్యాదూ ఆవిడ పేరుతోనే, వేలిముద్ర వేస్తానంటే నేను ఒప్పుకోక సంతకమే పెట్టించాను. విచారణ తేదీ రాకముందే కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, కన్సల్టేషన్ ఫీజు తీసేసి మిగతాది కట్టేశారు.

అందరికీ ఇలాగే జరుగుతుందని రాయడం లేదు. మా పాలసీ కాగితంలో ఆ మాట ఉంది, డే కేర్ నిజంగా జరిగింది. క్లినిక్‌లో అయిదు నిమిషాల్లో పొడిపించుకుని, తర్వాత దొంగ అడ్మిషను రాయించుకునే ఆలోచన పెట్టుకోకండి. అది బయటపడితే ఒక్క క్లెయిమే కాదు, పాలసీయే పోతుంది. ఇంకో మాట: ఈ గొడవంతా తేలడానికి అయిదు నెలలు పట్టింది, అయినా తర్వాతి డోసు తేదీ ఒక్క రోజు కూడా జరపలేదు. చేతి డబ్బు పెట్టి వేయించాం. డెనోసుమాబ్ ఇన్సూరెన్సు డబ్బు కోసం ఆగదు.

కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ చేయడానికి ఆగాల్సిన కాలం) పేజీ చదవండి. చాలా పాలసీల్లో నిర్దిష్ట జబ్బుల జాబితా ఒకటి ఉంటుంది. కంటి శుక్లాలు, హెర్నియాల వరసలో వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల, బోలు ఎముకల వ్యాధి కూడా కనిపిస్తాయి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు, అంతకుముందు నాలుగేళ్లు. ప్రమాదం వల్ల అయిన గాయానికి ఇది వర్తించదు, కానీ "ప్రమాదం కాదు, ఎముక జబ్బు వల్లే విరిగింది" అని వాదించే అవకాశం వాళ్లకుంది. డెక్సా రిపోర్టు ముందే ఉంటే ప్రపోజల్ ఫారంలో దాచకండి. ఉద్యోగం ఇచ్చే గ్రూపు పాలసీల్లో సాధారణంగా ఈ నిరీక్షణ ఉండదు. పిల్లల్లో ఎవరి కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకోనిస్తుందో కనుక్కోండి. మా ఆయన కంపెనీలో ఏటా ఆ ఫారం నింపే వారం ఒకటి వస్తుంది, ఒక ఏడు మరిచిపోతే ఇంకో ఏడు దాకా ఆగాల్సిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి విడి ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పోయింది, మందుల మీద చాలావాటికి 12 నుంచి 5 అయింది. మీ రెన్యువల్ నోటీసులో ఆ తేడా కనిపిస్తోందో లేదో చూసుకోండి.

ఇంకొన్ని దారులు

సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగులు), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులు), రైల్వే, ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డులున్న ఇళ్లకు పైన రాసిన గొడవ చాలావరకు ఉండదు, వాళ్లకు ఓపీ మందులు కూడా ఆ వ్యవస్థ ద్వారానే వస్తాయి. మా వెనకింటి రైల్వే పెన్షనరు గారు ఏళ్లుగా ప్రైవేటులో కొనుక్కుంటూ, రైల్వే ఆసుపత్రికి వెళ్లడం బద్ధకమని ఊరుకున్నారు. భార్యకు రాసిన టెరిపరటైడ్ పెన్నుల ఖర్చు విన్నాక మొదటి బస్సుకే బయల్దేరారు.

70 దాటిన వాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షల దాకా. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. అయితే ఇదీ ఆసుపత్రిలో చేరితేనే, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు మాత్రమే. నెలనెలా మందుకు పనికిరాదు గానీ, మళ్లీ పడితే పనికొస్తుంది. అత్తయ్యకు ఆధార్‌తో చేయించి పెట్టాను.

పన్ను దగ్గర నా వృత్తి మాట ఒకటి. 80డి అని మనం పిలుచుకునే మినహాయింపులో, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం 50,000 దాకా చూపించుకోవచ్చు. వాళ్లకు అసలు ఇన్సూరెన్సే లేకపోతే, మందులు, స్కాన్ల ఖర్చే 50,000 దాకా చూపించవచ్చు. కానీ నగదుగా కడితే చెల్లదు. ఫోన్‌పే చేసినా, కార్డు గీకినా సరే. ఇంకో చిక్కు: ఇక్కడ తల్లిదండ్రులంటే సొంత తల్లిదండ్రులే, అత్తమామలు రారు. ఇన్సూరెన్సు లేని అత్తగారి మందు కోడలు తన ఖాతాలోంచి కడితే ఇద్దరికీ రాదు, కొడుకు ఖాతాలోంచి పోవాలి. సొంత అమ్మదైతే కూతురు కట్టొచ్చు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, మినహాయింపు మాత్రం కొనసాగుతోంది.

ఫైలు ఎలా పెట్టానో కూడా చెబుతాను. ముందు డెక్సా రిపోర్టులు, తర్వాత డిశ్చార్జి సమ్మరీలు, వాటి వెనక డోసు వారీగా చీటీ, బిల్లు, ఖాళీ డబ్బా మీద చింపిన బ్యాచ్ స్టిక్కరు. ఒరిజినల్ బిల్లులు పంపేముందు ఫొటో తీసి తమ్ముడికి కూడా పంపిస్తాను. టీపీఏ వాళ్లు (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) క్వెరీ వేస్తే దానికి నాలుగు రోజుల్లో జవాబివ్వగలిగేది ఆ ఫొటోల వల్లే. అట్ట లోపల ఒక పట్టీ అంటించాను: తేదీ, మందు, ధర, ఎవరు కట్టారు, ఎంత తిరిగొచ్చింది, తర్వాతి డోసు ఎప్పుడు.

అమ్మ పట్టీలో తర్వాతి డోసు గడి ఎప్పుడూ నిండి ఉంటుంది. అత్తయ్యకు 2026 మార్చిలో మూడో సెలైన్ అయింది, పోయినేడుకన్నా కాస్త తక్కువే పడింది. మళ్లీ డెక్సా తీసి చూసి, కొనసాగించాలో విరామం ఇవ్వాలో చెబుతామన్నారు. 2027 గడి ఇప్పటికి ఖాళీగా ఉంచి, పక్కన పెన్సిల్‌తో స్టాకిస్టు నంబరు రాసుకున్నాను.